పడిపోతే ఎవరికి తెలుస్తుంది? ఒక చిన్న బటన్ 50 ఏళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడతా. మీ అమ్మగారో, నాన్నగారో, అమ్మమ్మో, తాతయ్యో ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు అనుకోండి. పొద్దున్నే బాత్రూంలో కాలు జారింది. లేవలేకపోతున్నారు. ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంది. వీధి తలుపు లోపల గడియ పెట్టుంది. ఈ సంగతి బయట ఎవరికి తెలుస్తుంది? ఎంతసేపటికి తెలుస్తుంది?

మన వయసువాళ్లని అడిగితే వెంటనే వచ్చే జవాబు "ఒక స్మార్ట్‌వాచ్ కొనిచ్చేస్తే సరి", లేకపోతే "ఇంట్లో కెమెరా పెట్టించేస్తే సరి". నేనూ బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇటు వచ్చినవాణ్నే. ఏదో ఒక వస్తువు కొంటే సమస్య తీరిపోద్దనే నమ్మకం మా వాళ్లకి కాస్త ఎక్కువే. కానీ ఈ ప్రశ్న కొత్తది కాదు. 50 ఏళ్లుగా జర్మనీ, అమెరికా, జపాన్, బ్రిటన్ దీనికి జవాబు వెతుకుతున్నాయి. వాళ్లు చేసినవన్నీ వరసగా చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. వస్తువు తయారుచేయడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా దాని రెండు చివర్ల దగ్గరే ఉంది. ఈ చివర ఉన్న పెద్దావిడ ఆ బటన్ నొక్కుతుందా? నొక్కితే ఆ చివర నుంచి ఎవరు వస్తారు? ఇవాళ ఈ రెండు ప్రశ్నల వెంబడే వెళ్దాం.

ముందు 1970ల్లోకి. అప్పటికి పశ్చిమ దేశాల్లో రెండు మార్పులు వచ్చేశాయి. ఒకటి, ఇంటింటికీ టెలిఫోన్. రెండు, పిల్లలు పెళ్లిళ్లయ్యి వేరే ఊళ్లకి వెళ్లిపోవడం, ముసలితనంలో ఒంటరిగా ఉండేవాళ్లు పెరగడం. అలాంటివాళ్లు ఒకసారి పడిపోయారంటే ఇంట్లో అందరి నోటా వచ్చే మాట "ఇంక నర్సింగ్ హోంకి పంపిద్దాం". ఇక్కడ చిన్న వివరణ. మన దగ్గర నర్సింగ్ హోం అంటే చిన్న ఆసుపత్రి. అమెరికాలో నర్సింగ్ హోం అంటే పెద్దవాళ్లు శాశ్వతంగా ఉండిపోయే సంరక్షణ కేంద్రం. అక్కడికి వెళ్లడమంటే సొంత ఇల్లు వదులుకోవడమే. అంటే ఇక్కడ ప్రాణంతోపాటు ఇల్లు కూడా పణంగా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లో జర్మనీలో విల్‌హెల్మ్స్‌హాఫెన్ అనే రేవు పట్టణంలో విల్‌హెల్మ్ హోర్మన్ అనే ఆయన, అమెరికాలో బోస్టన్‌లో ఆండ్రూ డిబ్నర్ అనే సైకాలజీ ప్రొఫెసర్, దాదాపు ఒకేలాంటి ఆలోచన చేశారు. జర్మనీవాళ్లు దానికి పెట్టుకున్న పేరు హౌస్‌నోట్‌రూఫ్. ఇంటి నుంచి ఆపద పిలుపు అని అర్థం. బోస్టన్‌లో డిబ్నర్, ఆయన భార్య సూసన్ కలిసి 1974లో లైఫ్‌లైన్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టారు.

ఇది ఎలా పనిచేసేదో చూడండి, చాలా సింపుల్. మెడలో లాకెట్‌లాగా వేసుకునే ఒక బటన్. నొక్కితే చిన్న రేడియో సిగ్నల్ వెళ్తుంది. ఇంట్లో టెలిఫోన్ లైన్‌కి కలిపిన ఒక పెట్టె ఆ సిగ్నల్ అందుకుని, తనంతట తానే ఒక నంబర్‌కి డయల్ చేస్తుంది. అవతల రాత్రీపగలూ ఒక మనిషి కూర్చుని ఉంటారు. అంతే. ఇంటర్నెట్ లేదు, యాప్ లేదు, చార్జింగ్ గోల లేదు.

ఇందులో అసలు తెలివి ఆ పెట్టెలో లేదని నా అభిప్రాయం. లైఫ్‌లైన్‌ని మొదట్లో ఆసుపత్రుల ద్వారా నడిపారు. పిలుపు ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో మోగేది. వాళ్ల దగ్గర ప్రతి ఇంటికీ ఒక జాబితా ఉండేది. ఈవిడ ఇంటికి దగ్గర్లో ఎవరున్నారు, వాళ్ల ఫోన్ నంబర్లేంటి అని. బటన్ మోగగానే ఆసుపత్రివాళ్లు ముందు ఆ ఇంటికి ఫోన్ చేసేవాళ్లు. ఎత్తకపోతే జాబితాలో ఉన్న పక్కింటాయనకో, స్నేహితురాలికో చేసి "ఒకసారి వెళ్లి చూసిరండి" అనేవాళ్లు. ప్రతిసారీ అంబులెన్స్ పరిగెత్తక్కర్లేదు. చాలాసార్లు కావాల్సింది చెయ్యి పట్టుకుని లేపి, మంచినీళ్లు ఇచ్చి, కాసేపు పక్కన కూర్చునే మనిషి.

సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. అలర్ట్ రాయడం పది నిమిషాల పని. అది రాత్రి రెండింటికి మోగితే ఎవరు లేవాలి, వాళ్లు లేవకపోతే తర్వాత ఎవరికి వెళ్లాలి అన్నది రాసిపెట్టుకోవడమే అసలు పని. ఎవరి పేరూ లేని అలర్ట్ ఎంత గట్టిగా మోగినా సర్వర్ పడే ఉంటుంది. డిబ్నర్ దంపతులు ఈ సంగతి 1974లోనే పట్టుకున్నారు.

ఇంకో మంచి ఏర్పాటు కూడా చేశారు. స్పృహ తప్పితే బటన్ ఎలా నొక్కుతారు? అందుకని పెట్టెలో ఒక టైమర్ పెట్టారు. నిర్ణీత గంటలపాటు ఆ ఇంట్లో ఎవరూ ఫోన్ వాడకపోతే, టైమర్‌ని తిరిగి సెట్ చేయకపోతే, పెట్టె తనే పిలుపు పంపేది. కంప్యూటర్ వాళ్లు దీన్ని వాచ్‌డాగ్ టైమర్ అంటారు. మాట వినిపించడం కాదు, మాట ఆగిపోవడమే ఇక్కడ సిగ్నల్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, జపాన్ వెళ్లినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇంతవరకు బాగుంది కదా. మరి అందరూ హాయిగా మెడలో వేసుకున్నారా? ఇక్కడే కథ మలుపు తిరిగింది.

1989లో అమెరికా టీవీలో లైఫ్‌కాల్ అనే ఇంకో కంపెనీ ప్రకటన వచ్చింది. ఒక పెద్దావిడ నేల మీద పడి ఉంటుంది, బటన్ నొక్కి "పడిపోయాను, లేవలేకపోతున్నాను" అన్న అర్థం వచ్చే మాట అంటుంది. నటన కొంచెం అతిగా ఉంది. దాంతో జనం నవ్వడం మొదలుపెట్టారు. కామెడీ షోల్లో, టీషర్ట్‌ల మీద, పిల్లల ఆటల్లో ఆ డైలాగే. మన భాషలో చెప్పాలంటే పెద్ద మీమ్ అయిపోయింది. ఆ మాట అంత పేరు తెచ్చుకోవడంతో కంపెనీ దాన్ని ట్రేడ్‌మార్క్ కూడా చేసుకుంది.

ఇప్పుడు ఆ దేశంలో 75 ఏళ్ల ఒక టీచరమ్మని ఊహించుకోండి. నలభై ఏళ్లు క్లాసులో నిలబడి పాఠం చెప్పిన మనిషి. ఊరంతా నవ్వుకునే ఆ లాకెట్‌ని మెడలో వేసుకుని బజారుకి వెళ్తుందా? ఆ బటన్ ఆవిడకి రక్షణలాగా కనిపించదు. "నా పని అయిపోయింది" అని మెడలో బోర్డు కట్టుకున్నట్టు ఉంటుంది.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు జేన్ ఫ్లెమింగ్, కేరల్ బ్రేన్ ఒక అధ్యయనం ప్రచురించారు. 90 ఏళ్లు దాటిన 110 మందిని ఏడాదిపాటు గమనించారు. అందులో 66 మంది ఆ ఏడాదిలో కనీసం ఒకసారి పడ్డారు. ఆ 66 మందిలో 53 మంది కనీసం ఒకసారైనా తమంతట తాము లేవలేకపోయారు. 20 మంది గంట, అంతకన్నా ఎక్కువసేపు నేల మీదే ఉండిపోయారు. గంటసేపు నేల మీద పడి ఉండటం అంటే చలి, ఒళ్లు ఒరుసుకుపోవడం, దాహం, అన్నిటికన్నా భయం.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. వాళ్లలో చాలామందికి అలారం బటన్ అందుబాటులో ఉంది. అయినా ఎక్కువసేపు పడి ఉన్న సందర్భాల్లో చాలావరకు దాన్ని వాడలేదు. కారణాలు అడిగితే కొందరు అది తమకి అవసరం లేదనుకున్నారు, కొందరు తమ స్వతంత్రం పోతుందని భయపడ్డారు, కొందరికి వాడటంలోనే ఇబ్బందులున్నాయి. వస్తువు ఉంది, లైన్ ఉంది, అవతల మనిషి ఉన్నారు. నొక్కాల్సిన వేలు మాత్రం నొక్కలేదు.

నాకు ఈ అధ్యయనం చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తెనాలి దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. మా మావయ్య డల్లాస్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట వచ్చినప్పుడు హాల్లో ఒక కెమెరా పెట్టించి వెళ్లాడు. మూడో రోజుకి ఆయన ఫోన్‌లో తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించలేదు. వైఫై పోయిందేమో చూడమంటే నేను వెళ్లాను. వైఫై బ్రహ్మాండంగా ఉంది. కెమెరా మీద అమ్మమ్మ తువ్వాలు కప్పింది. ఏంటి అమ్మమ్మా ఇది అంటే, "కొడుకు నా గురించి ఆలోచిస్తున్నాడంటే సంతోషమేరా. నేను ఎప్పుడు పడుకున్నానో, ఎలా కూర్చున్నానో చూడమని వాణ్ని ఎవరడిగారు? నా ఇంట్లో నేను పైట సర్దుకుని తిరగాలా?" అంది.

మావయ్య ఉద్దేశం తప్పని నేను అనను. అంత దూరాన రాత్రుళ్లు నిద్రపట్టని కొడుకు ఆయన. కానీ చూడండి, డిబ్నర్ బటన్‌కీ ఈ కెమెరాకీ మధ్య పెద్ద తేడా ఉంది. బటన్ నొక్కాలా వద్దా అన్నది పెద్దావిడ చేతిలో ఉంటుంది. కెమెరా చూడాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. బటన్ ఆవిడ కోసం. కెమెరా ఎక్కువభాగం మన మనశ్శాంతి కోసం.

మరి నొక్కడానికి మనసొప్పని మనిషికి, చూస్తుంటే నచ్చని మనిషికి దారేది? ఇప్పుడు జపాన్ వెళ్దాం.

1996లో టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్‌లో 77 ఏళ్ల తల్లి, జబ్బుతో ఉన్న ఆవిడ 41 ఏళ్ల కొడుకు ఆకలితో చనిపోయారు. చాలా రోజులదాకా ఎవరికీ తెలియలేదు. చుట్టూ లక్షలమంది జనం, రైళ్లు, షాపులు. ఆ మధ్యలో రెండు ప్రాణాలు అలా పోయాయి. దేశమంతా కదిలిపోయింది. ఆ తర్వాత ఒక డాక్టర్ జోజిరుషి అనే కంపెనీకి ఒక ఆలోచన చెప్పారు. జోజిరుషి అంటే ఏనుగు గుర్తు అని అర్థం. ఫ్లాస్కులు, రైస్ కుక్కర్లు, వేడినీళ్ల పాట్‌లు చేసే ఒసాకా కంపెనీ.

జపాన్‌లో పెద్దవాళ్లు రోజంతా టీ తాగుతూనే ఉంటారు. వేడినీళ్ల పాట్ ప్రతి ఇంట్లో పొద్దున్నే ఆన్ అవుతుంది. ఆ పాట్‌నే వార్తాహరుణ్ని చేస్తే? అదీ డాక్టర్ ఆలోచన. 2001 మార్చిలో ఐ-పాట్ అనే సర్వీస్ మొదలైంది. పాట్ అడుగున చిన్న వైర్‌లెస్ పరికరం ఉంటుంది. అమ్మ నీళ్లు వంచుకుంటే అది సర్వర్‌కి చేరుతుంది. రోజుకి రెండుసార్లు దూరాన ఉన్న పిల్లలకి మెయిల్ వస్తుంది, పాట్ ఎప్పుడు వాడారో. కెమెరా లేదు, మైక్ లేదు. ఆవిడ చీర కట్టుకుందా, నైటీలో ఉందా ఎవరికీ తెలియదు. తెలిసేది ఒక్కటే, ఇవాళ కూడా అమ్మ టీ పెట్టుకుంది.

చెప్పాను కదా, టైమర్ ముక్క గుర్తుపెట్టుకోండని. ఇదీ అదే. సర్వర్లు ప్రతి కొన్ని సెకన్లకి "నేను బతికే ఉన్నా" అని ఒక చిన్న సిగ్నల్ పంపుతుంటాయి. దాన్ని మేం హార్ట్‌బీట్ అంటాం. ఆ చప్పుడు ఆగితేనే మనిషి కదులుతాడు. ఐ-పాట్ గొప్పతనం ఏంటంటే, ఆ హార్ట్‌బీట్ కోసం పెద్దావిడ కొత్తగా ఏమీ చేయక్కర్లేదు, ఏమీ వేసుకోక్కర్లేదు. రోజూ చేసే పనే చేస్తుంది. ఇంకెవరికీ "నేను ముసలిదాన్నైపోయాను" అని చెప్పినట్టూ ఉండదు.

ఆలోచిస్తే మన ఊళ్లలో ఈ సిస్టమ్ కొత్తేమీ కాదు. పొద్దున ఏడైనా వాకిట్లో ముగ్గు పడలేదంటే ఎదురింటివాళ్లు "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అని తలుపు కొట్టేవాళ్లు. గుమ్మం దగ్గర పాలప్యాకెట్ అలాగే ఉండిపోయిందంటే పాలబ్బాయికి అనుమానం వచ్చేది. ముగ్గు కూడా హార్ట్‌బీటే. కాకపోతే అపార్ట్‌మెంట్లు వచ్చాక, ఎదురు ఫ్లాట్ తలుపు ఎప్పుడూ మూసే ఉండటం మొదలయ్యాక, ఆ సిగ్నల్ అందుకునే చివర ఖాళీ అయిపోయింది.

ఇంక బ్రిటన్ సంగతి. ఇది మనలాంటి టెక్ వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. అక్కడ దాదాపు 18 లక్షలమంది ఇలాంటి అలారం సర్వీసుల మీద ఆధారపడి ఉన్నారు. వాటిలో చాలావరకు పాత రాగి టెలిఫోన్ లైన్ల మీద నడిచేవి. రాగి లైన్‌లో ఒక విశేషం ఉంది. ఫోన్‌కి కావాల్సిన కరెంట్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచే తీగలో వస్తుంది. ఇంట్లో కరెంట్ పోయినా మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్ పనిచేస్తుంది. ఫైబర్ అలా కాదు. ఇంట్లో రౌటర్‌కి కరెంట్ లేకపోతే, బ్యాటరీ బ్యాకప్ లేకపోతే ఫోన్ చచ్చిపోయినట్టే.

కంపెనీలు అందరినీ రాగి నుంచి డిజిటల్‌కి మార్చడం మొదలుపెట్టాయి. ఈ మార్పులో కొందరి అలారాలు పనిచేయకుండా పోయాయి, తీవ్రమైన సంఘటనలు జరిగాయి. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం కలగజేసుకుని, అలారం వాడేవాళ్లని బలవంతంగా మార్చొద్దని టెలికాం కంపెనీలతో ఒప్పందం చేయించింది. పాత లైన్లు ఆపేసే గడువు కూడా 2025 చివర నుంచి 2027 జనవరికి జరిగింది. ఒక ఇంజినీర్‌కి అది మామూలు అప్‌గ్రేడ్. గోడకి ఉన్న ఆ పెట్టెనే నమ్ముకున్న పెద్దాయనకి అది ఊపిరి. మన దగ్గర కరెంట్ కోత గురించి నేను వేరే చెప్పక్కర్లేదు కదా. ఏ వస్తువు కొన్నా ముందు "కరెంట్ పోతే? వైఫై పోతే?" అని అడగాలి.

2018 సెప్టెంబర్‌లో యాపిల్ వాచ్ సిరీస్ 4 వచ్చింది. గట్టిగా పడితే వాచ్ గుర్తిస్తుంది. పడ్డాక దాదాపు నిమిషంపాటు కదలిక లేకపోతే అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది. నొక్కే వేలు సమస్యకి ఇది కొంత జవాబు. వాచీ అందరూ పెట్టుకుంటారు కాబట్టి సిగ్గు సమస్యా తగ్గింది. కానీ చార్జింగ్‌కని రాత్రి తీసి టేబుల్ మీద పెడతారు. అర్ధరాత్రి బాత్రూంకి లేచినప్పుడు అది టేబుల్ మీదే ఉంటుంది. అవతల చివర ప్రశ్న మాత్రం 1974లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. కాల్ వెళ్తే ఎవరు వస్తారు?

మన దగ్గర ఆ చివర ఏముంది? 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 60 దాటినవాళ్లు 10.38 కోట్లమంది. 108 అంబులెన్స్ సర్వీస్ 2005 ఆగస్టు 15న మొదలైంది హైదరాబాద్‌లోనే. ప్రాణాపాయం అయితే 108, ఏ అత్యవసరమైనా 112. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది 14567. దాని పేరు ఎల్డర్ లైన్. పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. టాటా ట్రస్ట్స్ చొరవతో, తెలంగాణ ప్రభుత్వ సహకారంతో 2017లో మొదటిది హైదరాబాద్‌లోనే వచ్చింది. 2021 అక్టోబర్ 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దీన్ని దేశమంతటికీ ప్రారంభించారు. పెన్షన్ సమాచారం, చట్టపరమైన సలహా, ఒంటరితనంలో మాట్లాడే మనిషి, ఇంట్లోవాళ్లు హింసిస్తుంటే సహాయం, ఇలాంటివాటికి ఇది పనికొస్తుంది. అంబులెన్స్‌కి మాత్రం 108కే చేయాలి.

జర్మనీలో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ 1995లో సంరక్షణ బీమా వచ్చింది. సంరక్షణ అవసరమని గుర్తింపు పొందినవాళ్లకి, అర్హతలు కుదిరితే, అలారం నెలవారీ ఖర్చులో కొంత ఆ బీమా భరిస్తుంది. మన దగ్గర అలాంటిది లేదు. అందుకే ఆ రెండో చివర ఎవరు ఉండాలో మనమే, మన ఇంట్లోవాళ్లే, మన వీధివాళ్లే రాసుకోవాలి.

అమ్మమ్మ విషయం ఏమైందో చెప్పలేదు కదా. ఆ రోజు నేను, మావయ్య వీడియో కాల్‌లో, అమ్మమ్మ, ముగ్గురం మాట్లాడుకున్నాం. ఈసారి ఏం కావాలో ఆవిడనే అడిగాం. కెమెరా హాల్లోంచి తీసి వీధి గుమ్మం మీదకి మార్చమంది, ఎవరు బెల్ కొట్టారో తనకే కనపడేలా. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి ఒక స్టీల్ కడ్డీ వేయించమంది. బాత్రూంకి లోపల గడియ పెట్టుకోనంది. వీధి తలుపుకి రాత్రి గడియ బదులు బయట నుంచి కూడా తీయగలిగే తాళం పెట్టించుకుంది. దాని ఇంకో తాళంచెవి ఎదురింటావిడకి ఇచ్చింది. పొద్దున కాఫీ తాగగానే ఫ్యామిలీ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ పెడతానంది. ఎనిమిదిన్నర దాటినా రాకపోతే నేను ఫోన్ చేస్తా. ఎత్తకపోతే ఎదురింటావిడకి చేస్తా. ఆవిడ ఊళ్లో లేకపోతే కిరాణా కొట్టాయనకి. ఈ వరస ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. పెద్ద టెక్నాలజీ ఏం కాదు. కానీ రెండు చివర్లలోనూ మనుషులున్నారు.

కాబట్టి ఫ్రెండ్స్, వాచీ కొనొద్దు, కెమెరా పెట్టొద్దు అని నేను అనట్లేదు. కొనే ముందు ఇంటికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. "ఇది నువ్వు నిజంగా వాడతావా, నీకు ఏది ఇబ్బంది?" "నీకు ఏమైనా అయితే ఐదు నిమిషాల్లో రాగలిగేది ఎవరు, వాళ్ల దగ్గర తాళంచెవి ఉందా?" "కరెంట్, నెట్ పోయినప్పుడు ఏం చేద్దాం?" ఈ మూడింటికీ జవాబు వాళ్ల నోటితోనే రావాలి. మీరు నింపకండి.

ఇంకొక్క మాట. ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు ఫొటో, శుభోదయం అని వస్తుంటే మనలో చాలామంది మ్యూట్ చేసేసి ఉంటాం. ఇవాళ ఆ మ్యూట్ తీసేయండి. అది రాని రోజున మీకు తెలియాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి ఏర్పాట్లు ఏమున్నాయో కామెంట్‌లో రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. 14567 నంబర్ మీ పెద్దవాళ్ల ఫోన్‌లో సేవ్ చేసిపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.